దుంగల ఇంటి కిట్: నాలుగు చలికాలాల తర్వాత నా రివ్యూ

కొండ మీద మా కుటుంబం కోసం కట్టుకున్న దుంగల ఇంటికి ఈ ఏడాదితో నాలుగు చలికాలాలు నిండాయి. కిట్, అంటే ముందే కోసి నంబర్లు వేసిన దుంగల సరుకు, అమ్మిన కంపెనీ వాళ్లు గోడలు నిలబెట్టిన వారానికే ఫీడ్‌బ్యాక్ ఫారం పంపారు. నేను నింపలేదు. ఇలాంటి ఇల్లు ఎలా ఉందో వారంలో తెలిసేది కాదు. గోడలు లేచిన రోజున ఎవరి ఇల్లయినా అందంగానే ఉంటుంది. ఆ గోడలు మెల్లగా కిందికి దిగడం మొదలయ్యాకే కిట్ ఎంత ఆలోచించి చేశారో బయటపడుతుంది. అందుకే ఇన్నాళ్లు ఆగి రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయను. జరిగిన తప్పుల్లో కొన్ని వాళ్లవి, కొన్ని మావి. కొనబోయేవాళ్లకి పేరు కన్నా ఏం అడగాలో, ఏం కొలవాలో తెలియడమే ఎక్కువ అవసరం అని నా అభిప్రాయం.

మేం తీసుకున్నది మిల్లులో ఒకే మందానికి గుండ్రంగా చెక్కిన స్ప్రూస్ (దేవదారు లాంటి సూదాకుల చెట్టు) దుంగల కిట్. ఒక్కో దుంగ 20 సెంటీమీటర్ల వ్యాసం. ప్రతి దుంగ అడుగున పొడుగునా గాడి ఉంటుంది, మూలల దగ్గర ఒకదాని మీద ఒకటి కూర్చోవడానికి గంటు ఉంటుంది. గోడకి 14 వరసలు. కింద 7 మీటర్లు, 9 మీటర్ల కొలతలో ఇల్లు, పైన అటక. దుంగలతో పాటు వరసల మధ్య వేసే నురగ పట్టీలు, పైనుంచి కిందిదాకా గోడలోంచి దిగే ఇనుప కడ్డీలు, వాటికి స్ప్రింగులు, గుంజల ఎత్తు మార్చే స్క్రూ జాక్‌లు, కప్పు దూలాలు వచ్చాయి. పునాది, కప్పు రేకు, తలుపులు, కిటికీలు, పొయ్యి, కరెంటు, నీళ్ల పైపులు అన్నీ మనవే. మొత్తం ఖర్చులో కిట్ వాటా మూడో వంతు దగ్గర తేలింది. బ్రోషర్ చూసి ఇల్లంతా అందులోనే వచ్చేస్తుందనుకుంటే చాలా కష్టం. మా వారు మొదటి రోజే ఏవి రావో ఆ జాబితా రాసి గోడకి అంటించడం మమ్మల్ని కాపాడింది.

ముందు వాళ్లు బాగా చేసిన పని చెప్తాను. ఆర్డర్ ఇవ్వకముందే స్థలం దాకా వెళ్లే దారి మొత్తం వీడియో తీసి పంపమన్నారు. మలుపుల దగ్గర దిగి వెడల్పు టేపుతో కొలవమన్నారు. అది చూసి, పెద్ద ట్రైలర్ రెండో మలుపు తిరగలేదని చెప్పి, ఏ దుంగా 6 మీటర్లు దాటకుండా డ్రాయింగ్ మార్చారు. పొడుగు గోడల్లో దుంగల అతుకులు ఒకదాని మీద ఒకటి పడకుండా వరస వరసకీ జరిపారు. సరుకు మూడు చిన్న లారీల్లో వచ్చింది. 6 మీటర్ల దుంగ దాదాపు 90 నుంచి 100 కిలోలు తూగుతుంది, నలుగురం కలిసి మోయగలిగాం. ఎత్తైన వరసలకి మాత్రం రెండు రోజులు చిన్న క్రేన్ తెప్పించుకున్నాం. ఈ ఒక్క విషయంలో వాళ్లకి నూటికి నూరు మార్కులు ఇస్తాను. కొండ దారిలో లారీ ఇరుక్కుపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇక అసలు విషయానికి వస్తాను.

దుంగల ఇల్లు దిగుతుంది. కుంగడం వేరు, దిగడం వేరు. కుంగితే పునాదిలో తప్పు ఉన్నట్టు. దిగడం చెక్క స్వభావం. చెక్క ఎండేటప్పుడు పొడుగులో దాదాపు తగ్గదు, తగ్గినా 0.1, 0.2 శాతం. అడ్డంగా మాత్రం బాగా తగ్గుతుంది. స్ప్రూస్ లాంటి చెక్క పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేసరికి నడుమ నుంచి అంచు వైపుకి 4 శాతం, వయసు వలయాల వెంట 8 శాతం దాకా చిక్కిపోతుంది. మామూలు చెక్క ఇంట్లో బరువు మోసేవి నిలువు గుంజలు కాబట్టి ఇల్లు ఎత్తు మారదు. దుంగల గోడలో చెక్క అంతా పడుకుని ఉంటుంది. 14 వరసలూ తలా కొంచెం చిక్కితే, ఆ మొత్తమంతా గోడ ఎత్తులోంచే పోతుంది. పచ్చి దుంగలతో చేత్తో కట్టే ఇళ్లకి అడుగు ఎత్తుకి ముప్పావు అంగుళం లెక్కన చోటు వదులుతారు. అంటే ఎనిమిది అడుగుల గోడ ఆరంగుళాల దాకా దిగొచ్చు. ఆరబెట్టిన చెక్కతో అది చాలా తగ్గుతుంది. మనం కిట్‌కి ఎక్కువ డబ్బు పెట్టేది ఎక్కువగా దీని కోసమే.

మా కిట్ కాగితాల మీద తేమ 19 శాతం లోపు అని ఉంది. కోత చెక్కని ఎండింది అని లెక్కకట్టే గీత అదే. చెక్కలో తేమ 28, 30 శాతం కంటే కిందికి వచ్చినప్పటి నుంచే కుదింపు మొదలవుతుంది. వెచ్చగా ఉంచే ఇంట్లో చివరికి 10 శాతం ప్రాంతంలో నిలుస్తుంది. కాబట్టి 19 నుంచి 10 కి ఎంత దిగుతుందో లెక్కేసి, తలుపు మీద 40 మిల్లీమీటర్లు, వెనకగది కిటికీ మీద 25 మిల్లీమీటర్లు సందు వదలాలని డ్రాయింగ్‌లో ఇచ్చారు. లెక్క తప్పు కాదు. ఆ లెక్క మొదలుపెట్టిన 19 తప్పు.

సరుకు దిగిన రోజు నాన్న తేమ మీటరు పట్టుకుని ఒక్కో కట్ట దగ్గరికీ వెళ్లారు. 17, 18, 16. అన్నీ బాగున్నాయని నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నాన్నకి మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ మీటరు సూదులు ఎంత లోతుకి దిగితే అంత లోతు తేమనే చూపిస్తుంది, మా మీటరు సూదులు గోరంత పొడుగు కూడా లేవు. రంపంతో కోసి పడేసిన ముక్క ఒకటి తీసుకుని, గొడ్డలితో నిలువునా రెండుగా చీల్చి, వెంటనే నడిమధ్యలో గుచ్చారు. అంచు దగ్గర 17 చూపించిన ముక్కే నడుమ 26 చూపించింది. చీల్చిన ముఖం మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. అంచు వైపు ఆ చల్లదనం లేదు. ఇంకో మూడు ముక్కలు చీల్చాం. 24, 25, 26.

"అమ్మాయ్, పైన ఎండింది, లోపల ఎండలేదు. ఇది వాళ్లు చెప్పినదానికన్నా ఎక్కువే దిగుతుంది," అన్నారు నాన్న.

కంపెనీకి ఫోన్ చేస్తే, మా చెక్క ఓవెన్‌లో ఆరినదే, కాగితం చూసుకోండి అన్నారు. ఫొటోలు పంపితే రెండు రోజుల తర్వాత, సందులు పెంచుకున్నా నష్టం లేదు అని ఒక లైను రాశారు. తప్పు ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు. ఇలాంటి జవాబుకి నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కొండ మీద లారీల నుంచి సరుకు దిగిపోయాక, కప్పు పడేలోపు వానలు వస్తాయన్న భయంలో ఉన్న మనిషి అడుగుతున్నది ఒక్కటే మాట. ఎంత పెంచాలి? ఆ అంకె చెప్పగలిగేది వాళ్లే.

ఆ అంకె నాన్న, అన్నయ్య కూర్చుని వేశారు. తలుపు మీద 75 మిల్లీమీటర్లు కావాలని తేల్చారు. తలుపు మీది దుంగ అడుగుభాగాన్ని 35 మిల్లీమీటర్లు చైన్‌సాతో కోసి, ఉలితో సాపు చేశాం. ముందు గదిలో కిటికీలన్నిటికీ అదే పని చేశాం. వెనకగదిలో ఒక్క కిటికీ మిగిలింది. ఆ సాయంత్రం మబ్బు కమ్ముకుంది, కప్పు పని మొదలుపెట్టాల్సి వచ్చింది. దాన్ని 25 దగ్గరే వదిలేశాం. వదిలేద్దాం అన్నది నేనే.

దుంగలు పేర్చడానికి కంపెనీ తరఫున ఒక సూపర్‌వైజర్ నాలుగు రోజులు వచ్చాడు. ఈ సర్వీసుకి విడిగా కట్టాలి, తప్పకుండా కట్టండి. మాకొచ్చినతనికి పని మీద ప్రేమ ఉంది. మొదటి రోజు ఒక్క దుంగ కూడా ఎత్తనివ్వలేదు, అన్నిటినీ నంబర్ల వరసలో నేల మీద పరిపించాడు. మా పెద్దది, చిన్నోడు పరుగెత్తి నంబర్లు చదువుతుంటే మేం టిక్కు పెట్టుకున్నాం. ఒక దుంగ తక్కువొచ్చిందని, ఇంకో దుంగ రెండుసార్లు వచ్చిందని అప్పుడే తెలిసింది. తక్కువైంది తొమ్మిదో వరసది కాబట్టి అది వచ్చేదాకా పని ఆగలేదు.

అతను నేర్పిన ఒక పరీక్ష మీకూ చెప్తాను, ఖర్చు లేనిది. కుడి చేతిని దుంగ మీద బోర్లా పెట్టి వేళ్లు పొడుగునా ముందుకి చాచాలి. చెక్క నార, సన్నటి బీటలు ఎటు తిరుగుతూ పోతున్నాయో చూడాలి. బొటనవేలి వైపుకి పోతే ఎడమ మెలిక, చిటికెన వేలి వైపుకి పోతే కుడి మెలిక. ఎడమ మెలిక బలంగా ఉన్న దుంగ ఎండేకొద్దీ మెలి తిరిగి, మూల గంటుని పైకి లేపేస్తుంది. మా వదిన మొత్తం దుంగలన్నిటి మీదా చెయ్యి పెట్టి చూసింది. గట్టి ఎడమ మెలికవి రెండు దొరికాయి. అవి వాడొద్దని సూపర్‌వైజరే కంపెనీకి ఫోన్ చేసి చెప్పాడు, మూడు వారాల్లో బదులు వచ్చాయి. అంతవరకు అవి రావాల్సిన చోటు కప్పు కింది వరసల్లో ఉండడం మా అదృష్టం.

అతను లేని రోజుల్లో జరిగిన పొరపాటు కరెంటు విషయంలో జరిగింది. దుంగల గోడలో వైరు వెళ్లాలంటే పేర్చేటప్పుడే వరస వరసకీ బెజ్జం వేసుకుంటూ రావాలి. పేర్చడం అయిపోయాక పైనుంచి రెండున్నర మీటర్లు తిన్నగా తొలవడం అయ్యే పని కాదు. స్విచ్‌లు ఎక్కడ రావాలో మేం ముందే నిర్ణయించుకోవాలని కంపెనీ పుస్తకంలో ఉంది, కానీ ఆ వాక్యం 31వ పేజీలో ఉంది. అది ఆర్డర్ ఫారంలో మొదటి పేజీలో ఉండాల్సింది. అటక దీపానికి బెజ్జం మర్చిపోయాం. దాని వైరు ఇప్పుడు గోడ మీద చెక్క పట్టీ కింద పోతుంది.

డ్రాయింగ్‌లో మేం మార్చుకున్నవి మూడున్నాయి, మూడూ కొండకి సంబంధించినవే. మొదటిది అడుగు వరస ఎత్తు. నేల నుంచి కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలని దుంగల ఇళ్ల గురించి తెలిసినవాళ్లు చాలామంది చెప్తారు. వాళ్ల స్టాండర్డ్ డ్రాయింగ్‌లో 30 ఉంది. మేం రాతి పునాదిని 60కి లేపాం. చూరు నీళ్లు నేల మీద పడి ఎగిరి తగిలేది అడుగు వరసకే, మంచు పేరుకుని వారాల తరబడి ఆనుకుని ఉండేది కూడా దానికే. కుళ్లు మొదలయ్యేది అక్కడే. పునాది గుంతలు కూడా నేల ఎంత లోతు గడ్డకడుతుందో దానికి కిందికి తవ్వించాం. అంత లోతు లేకపోతే నేలలో నీళ్లు గడ్డకట్టినప్పుడు పునాదిని పైకి తోస్తుంది.

రెండోది చూరు. స్టాండర్డ్ 45 సెంటీమీటర్లు, ఆప్షన్‌గా 75. ఆప్షన్ తీసుకోండి. కిట్‌లో ఇంకేదైనా తగ్గించుకోండి కానీ చూరు తగ్గించుకోవద్దు. గోడకి మీరు పూసే ఏ రంగూ ఆ అదనపు అడుగు చూరు చేసినంత పని చేయదు.

మూడోది వసారా. వాళ్ల బొమ్మలో ముందు తలుపు కప్పు వాలిన వైపు ఉంది. బొమ్మలో చాలా బాగుంటుంది. రేకు కప్పు మీద మంచు పేరుకుని, ఒక మధ్యాహ్నం ఎండకి ఒక్కసారిగా జారి పడేది సరిగ్గా ఆ మెట్ల మీదే. కొత్తగా పడ్డ మంచు తేలికే, కానీ కుదించుకుపోయిన పాత మంచు క్యూబిక్ మీటరుకి 300 కిలోలు దాటుతుంది. పిల్లలు తిరిగే గుమ్మం అది. తలుపుని త్రికోణం గోడ వైపుకి మార్పించాం. కంపెనీ డిజైనర్ ఒక్క మాట అనకుండా రెండు రోజుల్లో మార్చి పంపింది. ఆవిడకి కృతజ్ఞతలు. అయితే మంచు పడే చోట కడుతున్నామని మొదటి ఫారంలోనే రాశాం, ఆ మార్పు మేం అడగకుండానే రావాల్సింది.

గోడలు లేచిన తర్వాత ఆ ఇల్లు నాన్న చేతిలోకి వెళ్లింది. అటకని మోసే నడిమి గుంజలు రెండు. అవి నిలువు చెక్కలు కాబట్టి కుదించుకోవు. చుట్టూ గోడలు దిగుతుంటే మధ్యలో అవి అలాగే నిలబడితే అటక నేల నడుమ ఉబ్బుతుంది. అందుకే వాటి కింద స్క్రూ జాక్‌లు. మొదటి ఏడాది నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి నాన్న పానా తీసుకుని, దూలం మీద లెవెల్ పెట్టి చూసి, జాక్ నట్టుని పావు తిప్పు, అర తిప్పు కిందికి దించుతారు. గోడల్లోని కడ్డీలకి పైన స్ప్రింగులున్నాయి కాబట్టి వాటంతటవే కొంతవరకు బిగిసి ఉంటాయి. అయినా మొదటి రెండేళ్లు నట్లు బిగించాల్సి వచ్చింది. కిట్‌లో వచ్చిన ఈ ఇనుప సామాను నాణ్యత గురించి నాకు ఫిర్యాదు లేదు. నాలుగేళ్లలో ఒక్క మర తెగలేదు, తుప్పు పట్టలేదు.

ముందు తలుపు మీది సందుని పలక కప్పుతుంది. ఆ పలకని పైదుంగకి మాత్రమే స్క్రూలతో బిగించి, కింద ద్వారబంధం మీదుగా జారేలా వదిలాం. రెంటికీ కలిపి బిగిస్తే గోడ బరువంతా ద్వారబంధం మీద వేలాడుతుంది. ఆ పలక వెనక వైపు నాన్న పెన్సిల్ గీతలున్నాయి. ప్రతి చలికాలం చివర రెండు స్క్రూలు విప్పి, పలక తీసి, సందు కొలిచి, ఒక గీత గీసి పక్కన అంకె రాస్తారు. మొదలుపెట్టినప్పుడు 75. మొదటి చలికాలం తర్వాత 51. తర్వాత 38, 31. ఈ ఏడాది 28. గీతలు మొదట దూరం దూరంగా ఉండి, కిందికి వచ్చేకొద్దీ దగ్గరపడ్డాయి. ఆఖరి రెంటి మధ్య మూడు మిల్లీమీటర్లే. మా చిన్నోడు వేలితో ఆ గీతల మధ్య దూరం తడిమి, ఇల్లు అలిసిపోయిందా తాతయ్యా అని అడిగాడు. అలిసిపోలేదు, ఎండిపోయింది అన్నారు.

మొత్తం దిగింది 47. కంపెనీ ఇమ్మన్నది 40. నాన్న ఆ ముక్కని చీల్చి చూడకపోయి ఉంటే, మూడో చలికాలంలోనే పైదుంగ వచ్చి ద్వారబంధం మీద కూర్చునేది.

అది ఊహ కాదని చెప్పడానికి మా వెనకగది కిటికీ ఉంది. 25 దగ్గర వదిలేసినది. మూడో చలికాలం చివర్లో ఒక రోజు మా వదిన తెరవబోతే రాలేదు. చలికి బిగుసుకుందేమో అనుకున్నాం. వారం తర్వాత చూస్తే గాజు మూల నుంచి వెంట్రుక లాంటి బీట మొదలైంది. పైపలక విప్పితే, చట్రానికీ దుంగకీ మధ్య పోస్టు కార్డు కూడా దూరలేదు. సందులో నింపిన దూది నొక్కుకుపోయి అట్టలా అయింది. చట్రం నడుమ కొంచెం విల్లులా వంగింది. ఒకటింపావు మీటర్ల ఎత్తున్న చోట ఆ కాస్త దిగడానికే ఇంత జరిగింది.

మళ్లీ కంపెనీకి రాశాం. ఈసారి నాన్న గీతల ఫొటో, చీల్చిన ముక్కల ఫొటోలు, తేదీలతో నా నోట్‌బుక్ పేజీలు అన్నీ పెట్టాను. పది రోజులకి ఫోన్ వచ్చింది. కొత్త మనిషి, ఓపిగ్గా విన్నాడు. మీ బ్యాచ్ దుంగలకి లోపలి తేమ కొలవలేదని ఒప్పుకున్నాడు. గాజుతో సహా కొత్త చట్రం పంపారు, బిగించే కూలి మాదే. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి దుంగ నడిమి తేమ కూడా రాసి ఇస్తున్నామని చెప్పాడు. అదే నిజమైతే ఈ రివ్యూలో నా పెద్ద ఫిర్యాదు మీకు వర్తించదు. అయినా సరుకు దిగిన రోజు ఒక ముక్క చీల్చి చూడండి.

చలి గురించి చాలామంది అడుగుతారు. 20 సెంటీమీటర్ల దుంగ, నిలువు గుంజల మధ్య మంచి ఇన్సులేషన్ (వేడి పోకుండా ఆపే సరుకు) నింపిన ఫ్రేమ్ గోడకి సాటి రాదు. ఈ విషయంలో అమ్మేవాళ్ల మాటలు నమ్మొద్దు. దుంగల సుఖం వేరే చోట ఉంది. రాత్రి పొయ్యి ఆరిపోయాక కూడా గోడలు పట్టుకున్న వేడిని మెల్లగా వదులుతాయి, తెల్లవారుజామున లేచి గోడకి వీపు ఆనిస్తే చల్లగా తగలదు. వేడి ఎక్కువగా పోయేది కప్పులోంచి, సందుల్లోంచి. కప్పుకి ఇన్సులేషన్ కిట్‌లో చెప్పినదానికి రెట్టింపు వేయించాం. సందులు వెతకడానికి మొదటి చలికాలం గాలి బాగా వీస్తున్న రాత్రి అగరొత్తి వెలిగించి ప్రతి మూల దగ్గరా పట్టుకున్నాను. ఈశాన్యం మూలలో ఏడో వరస దగ్గరికి రాగానే తిన్నగా లేస్తున్న పొగ ఒక్కసారి గదిలోకి వంగి చీలిపోయింది. గంటులో నురగ పట్టీ వేయడం మర్చిపోయిన చోటు అది. సాగే సీలెంట్‌తో నింపాక పొగ మళ్లీ తిన్నగా లేచింది. ఇలాంటివి ఇల్లంతా కలిపి ఐదు దొరికాయి.

పొయ్యి గొట్టం విషయం కూడా మర్చిపోకుండా చెప్పాలి. గొట్టం నేల మీద నిలబడి ఉంటుంది, అది దిగదు. కప్పు దిగుతుంది. కప్పు దగ్గర గొట్టం చుట్టూ వేసే రేకు ఒకదానిలోంచి ఒకటి జారేలా రెండు భాగాలుగా ఉండాలి. మా కిట్‌లో ఇది సరిగ్గానే ఇచ్చారు. అటక మెట్లు కూడా పైన మాత్రమే బిగించి, కింద జారేలా వదిలారు. వంటగది అరలకి గోడలో స్క్రూలు నిలువు గాడుల్లో వచ్చేలా పట్టీలు ఇచ్చారు. దిగడం గురించి ఇంత తెలిసినవాళ్లు తేమ విషయంలో అలా ఎలా నిర్లక్ష్యం చేశారో నాకు అర్థం కాలేదు.

దుంగల మీద బీటలు వస్తాయి, భయపడొద్దు. ఎండేటప్పుడు పై చెక్క లోపలిదానికన్నా ముందు కుదించుకుంటుంది కాబట్టి చీలుతుంది. బలానికి సాధారణంగా ఏమీ కాదు. చూడాల్సింది బీట నోరు ఎటు ఉందన్నది. కిందికి ఉంటే నీళ్లు నిలవవు. పైకి తెరుచుకుని వాన తగిలే చోట ఉంటే మాత్రం నీళ్లు పట్టే దొన్నెలా పనిచేస్తుంది. అలాంటివి పావు అంగుళం దాటినవి మేం నింపాం. ముందు నురగ తాడు లోపలికి నొక్కి, దాని మీద సీలెంట్ వేయాలి. తాడు లేకపోతే సీలెంట్ అడుగుకి కూడా అంటుకుని, బీట ఇంకా తెరుచుకున్నప్పుడు చిరిగిపోతుంది. మొదటి ఏడాది తాడు లేకుండా నింపిన రెండు చోట్ల అలాగే చిరిగింది.

దుంగలు మిల్లులోనే బోరేట్ ద్రావణంలో ముంచి పంపారు. చెదకీ కుళ్లుకీ అది మంచి మందు, కానీ నీళ్లలో కరుగుతుంది. రంగు వేసేలోపు వానకి తడిస్తే కడుక్కుపోతుంది. అందుకే కట్టలని పలకల మీద ఎత్తి పెట్టి, పైన మాత్రమే టార్పాలిన్ కప్పి, పక్కల గాలి ఆడేలా వదిలాం. రంగు కూడా పెయింట్‌లా పొర కట్టేది వద్దు, లోపలి తేమ బయటికి రానిచ్చే స్టెయిన్ వాడాలి. కొండ ఎక్కేకొద్దీ ఎండలో అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, ప్రతి 1000 మీటర్లకి దాదాపు పది శాతం. ఎండ నేరుగా కొట్టే దక్షిణం, పడమర గోడలు మూడో ఏడాదికే బూడిద రంగుకి తిరిగాయి. ఉత్తరం గోడ ఇంకా కొత్తగా ఉంది. కంపెనీ ఇచ్చిన కాగితంలో ఐదేళ్లకోసారి అని ఉంది. కొండ మీద ఆ రెండు గోడలకి మూడేళ్లే లెక్క పెట్టుకోండి.

ఒక దుంగ పాడైతే ఇల్లంతా పోయినట్టేనా అని మా అమ్మ భయపడేది. రష్యాలో కిజి ద్వీపం మీద 1714 నాటి దుంగల చర్చి ఉంది. 22 గుమ్మటాలు, 37 మీటర్ల ఎత్తు. ఇటీవల దాన్ని బాగుచేసినప్పుడు లోపల ఉక్కు చట్రంతో పైభాగాన్ని పట్టి ఉంచి, కింది వరసలు విప్పి, పాడైన దుంగలు మార్చి మళ్లీ పేర్చారు. మాది దానిముందు అగ్గిపెట్టె. అయినా పద్ధతి అదే. జాక్‌లతో కొంచెం ఎత్తి ఒక దుంగ మార్చుకోవచ్చు. మా కిట్ డ్రాయింగ్‌లో ప్రతి దుంగ నంబరూ కొలతా ఉన్నాయి, నంబరు చెప్తే అదే దుంగ మళ్లీ కోసి పంపుతామని రాతపూర్వకంగా ఇచ్చారు. ఆ కాగితాన్ని నోట్‌బుక్‌కి పిన్ చేసి పెట్టాను.

మార్కులు అడిగితే, ఐదుకి మూడున్నర. రవాణా, డిజైనర్, సూపర్‌వైజర్, ఇనుప సామాను చాలా మంచివి. లోపలి తేమ కొలవకపోవడం, మొదటి ఫోన్‌కి ఇచ్చిన జవాబు, మంచు పడే చోటుకి పనికిరాని స్టాండర్డ్ డ్రాయింగ్ మిగతా మార్కులు తీసేశాయి. మా అన్నయ్య స్నేహితుడు ఇదే కంపెనీ దగ్గర తీసుకోబోతున్నాడు, నేను వద్దనలేదు. ఒప్పందంలో దుంగ నడిమి తేమ ఎంతో అంకె వేయించుకోమన్నాను. ఆ అంకె దాటితే సందుల కొలతలు వాళ్లే మళ్లీ లెక్కేసి ఇవ్వాలని కూడా రాయించుకోమన్నాను.

వెనకగది కిటికీకి కొత్త చట్రం గోడకి ఆనించి ఉంది. మంచు పూర్తిగా కరిగాక పైదుంగని ఇంకో 30 మిల్లీమీటర్లు కోసి బిగిస్తాం. ఇక దిగేది చాలా తక్కువే అయినా, ఈసారి సందు తగ్గించే ప్రసక్తి లేదని నాన్న ముందే చెప్పేశారు.